కుర్చీ ఖాళీ ఉన్న ఊళ్లు

నోషిరో అనే ఊరి పేరు మీలో ఎవరూ విని ఉండరు. నేనూ వినలేదు. జపాన్‌లో ఉత్తరాన, సముద్రం ఒడ్డున, కలప మిల్లులున్న చిన్న ఊరు అది. దేశాలు చూడ్డానికి వెళ్లేవాళ్లు అక్కడ దిగరు. మేం దిగాం. ఎందుకంటే అక్కడి డయాలసిస్ క్లినిక్‌లో మంగళవారం ఒక కుర్చీ ఖాళీ ఉంది.

నేను రిటైరై వచ్చాక మా చర్చికి వచ్చే పిల్లలు, నర్సింగ్ చదివి గల్ఫ్ ఇంటర్వ్యూలకి తిరుగుతున్నవాళ్లు, నన్ను అడుగుతుంటారు. "ఆంటీ, ఏ వార్డు అడిగితే మంచిది? డయాలసిస్‌లో వేస్తే బోర్ కొడుతుందట కదా, రోజూ అవే మొహాలు?" నిజమేనమ్మా. అవే మొహాలు. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు, ఏళ్ల తరబడి. ఐసీయూ పేషెంటు మీకు వారం పది రోజులు తెలుస్తాడు. డయాలసిస్ పేషెంటు కూతురి పెళ్లికి మీరు భోజనానికి వెళ్తారు. ఆ మొహాల్లో ఒకటి నన్ను ఎక్కడిదాకా లాక్కెళ్లిందో చెప్తాను. ఏ వార్డు కావాలో తర్వాత మీరే తేల్చుకోండి.

నేను చేసింది ఒమన్‌లో, సూర్‌లో. మస్కట్ నుంచి ఖురియాత్ దాటి సముద్రం పక్కనే పోతే వస్తుంది. ఒకవైపు చేపల పడవలు, ఇంకోవైపు గ్యాస్ ప్లాంటు, మధ్యలో ఊరు. మా ఆయన మస్కట్‌లో, ఘాలా దగ్గర ఒక గ్యారేజీలో స్టోర్ కీపర్. గురువారం సాయంత్రం బస్సెక్కి వచ్చి, శనివారం వెళ్లిపోయేవారు. మిగతా రోజులు నాకు డ్యూటీ, రూమ్, మళ్లీ డ్యూటీ.

కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది అబ్లా. అక్కడ ఆడ టీచర్లని అబ్లా అంటారు. ఆమె సూర్‌లో ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లకి పైగా జాగ్రఫీ చెప్పింది. మా యూనిట్‌లో ఒమానీ నర్సుల్లో సగం మంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే. ఆమెకి సూది గుచ్చమంటే వాళ్లు వెనక్కి తగ్గేవాళ్లు, తిడుతుందని. అందుకని ఆ పని నా వాటాకి వచ్చింది.

మొదటి రోజే అడిగింది, "సిస్టర్, మీ ఊరు ఏ అక్షాంశం మీద ఉంది?"

"తెలీదు అబ్లా. గోదావరి పక్కన."

"నీ బ్లడ్ గ్రూపు తెలుసు కదా? మరి నువ్వు భూమ్మీద ఎక్కడ పుట్టావో తెలుసుకోవద్దా?"

ఆ రాత్రి ఫోన్‌లో చూసుకుని, ఆమె మళ్లీ వచ్చిన రోజు చెప్పాను. తలూపింది, అంతే. మార్కులేసినట్టు అనిపించింది నాకు.

రిటైరైన ఏడాదే ఆమె కిడ్నీలు పోయాయి. షుగర్. గుండె కూడా కాస్త బలహీనం. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడి ఇంట్లో ఉండేది. ఆ తమ్ముడు గ్యాస్ ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి, లావుగా, మంచివాడు, ప్రతిదానికీ భయపడేవాడు.

ఒక రోజు మెషిన్ మీద ఉండగా ఆమె నాతో అంది, "సముద్రం గడ్డకట్టడం చూడాలి."

నేను మత్తులో మాట్లాడుతోందేమోనని బీపీ చూశాను. బాగానే ఉంది.

"ఏటా పాఠం చెప్పేదాన్ని. జపాన్‌కి పైన, ఓఖోత్స్క్ సముద్రం, చలికాలం గడ్డకడుతుంది, ఆ మంచు పలకలు తేలుకుంటూ ఒడ్డుకొస్తాయి అని. ఒకసారి ఒక పిల్ల లేచి, అబ్లా మీరు చూశారా అంది. లేదన్నాను. మరి నిజమని మీకెలా తెలుసు అంది. క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. రిటైరయ్యాక వెళ్దాంలే అనుకున్నాను." తన చేతికున్న ట్యూబుల వైపు చూసింది. "ఇదిగో, రిటైరయ్యాను."

అలాంటి మాటలు మా యూనిట్‌లో అందరూ అంటారు. ఒకాయనకి హజ్, ఒకామెకి అక్క ఊరు. మేం ఇన్షా అల్లా అంటాం, తర్వాత మెషిన్ చూసుకుంటాం. ఊరు దాటడమంటే రెండో రోజుకల్లా వెనక్కి రావడమని పేషెంట్లకీ మాకూ అలవాటైపోయింది. వేరే ఊళ్లో మెషిన్లు లేవని కాదు. అడగాలని ఎవరికీ తోచదు.

అబ్లాకి తోచింది. తమ్ముడి కూతురి చేత జపాన్ క్లినిక్‌లకి ఈమెయిళ్లు పెట్టించడం మొదలుపెట్టింది. టోక్యో, సప్పోరో లాంటి పెద్ద ఊళ్లవాళ్లు క్షమించండి, ఖాళీ లేదన్నారు. చిన్న ఊళ్లవాళ్లు మాత్రం ఏ రోజు వస్తారని అడిగారు. నోషిరో. హిరోసాకి. మురోరాన్. కితామి. ఆ చివరిది దాటితే అబాషిరి, సముద్రం. ఆమె తన బడి మ్యాప్ తెచ్చి నర్సింగ్ స్టేషన్ బల్ల మీద పరిచింది. ఒక్కో ఊరి మీద మందు సీసా మూత ఒకటి పెట్టింది. మంగళవారం మూత, గురువారం మూత, శనివారం మూత, మళ్లీ మంగళవారం మూత.

మా డాక్టర్ ఈజిప్టు ఆయన. మ్యాప్ మీద వంగి చాలాసేపు చూశాడు.

"ఈ మూతల దగ్గర మీకేం కాదు. జపాన్ వాళ్లు మనకంటే బాగా చేస్తారు. మూతకీ మూతకీ మధ్య ఏముంది, అది చెప్పండి."

"మంచు," అంది అబ్లా.

ఆయన నవ్వేశాడు. నవ్వాక ఒప్పుకోక తప్పలేదు. కానీ షరతు పెట్టాడు. "డయాలసిస్ తెలిసిన నర్సు వెంట ఉండాలి."

అబ్లా నావైపు చూడలేదు. అక్కడున్న మిగతా అందరూ చూశారు.

మా ఇన్‌ఛార్జ్ కేరళ ఆమె, నన్ను పక్కకి పిలిచింది. "రిటైర్మెంట్ దగ్గర పడుతోంది నీకు. దారిలో ఏదన్నా అయితే అందరూ నిన్నే అంటారు. నీకెందుకీ తలనొప్పి?" ఆమె చెడ్డది కాదు. నేనామె చోట ఉంటే అదే మాట చెప్పేదాన్ని. మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన, "ఊటీలో రెండు దుప్పట్లు కప్పుకుని ఏడ్చావు, జపాన్ వెళ్తావా?" అన్నారు. మళ్లీ తనే, "వెళ్లు. నీ సర్వీసంతా వాళ్లని కుర్చీలో కూర్చోబెట్టావు, ఒకళ్లని లేపి తీసుకెళ్లు," అన్నారు. స్టోర్ కీపర్ నోటి నుంచి అంత మంచి మాట అంతకుముందూ రాలేదు, తర్వాతా రాలేదు. ఆ ఏడాదికి నాకున్న సెలవంతా పెట్టేశాను.

తమ్ముడు చివరిదాకా వద్దన్నాడు. వద్దంటూనే తనకీ టికెట్ కొన్నాడు. "మా అక్క మొండిది సిస్టర్. నేను లేకపోతే అక్కడి వాళ్లకి కూడా పాఠాలు చెప్తుంది." అతని సామాన్లలో సగం ఖర్జూరాల డబ్బాలు, వాళ్ల ఖహ్వా కాఫీకి ఫ్లాస్కు. అక్క ఖర్జూరం తినకూడదు. పొటాషియం ఎక్కువ, గుండెకి ముప్పు. అయినా ఖర్జూరం లేకుండా పరాయి ఇళ్ల గుమ్మం తొక్కడం ఎలా అన్నాడు.

టోక్యోలో విమానాశ్రయం తప్ప ఏమీ చూడలేదు. అక్కణ్నుంచి చిన్న విమానంలో నోషిరో. దిగేసరికి కిందంతా తెలుపు. అబ్లా కిటికీ అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది. తమ్ముడు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాడు.

నోషిరో క్లినిక్‌లో కుర్చీలు కావు, మంచాలు. తెల్లటి దుప్పట్లు, ఎవరి పక్కన వాళ్లకి చిన్న టీవీ. మేం లోపలికి వెళ్తే పేషెంట్లందరూ తలలెత్తి ఒకేసారి వంగి నమస్కారం పెట్టారు. నాకు భాష రాదు. కానీ అక్కడి నర్సు మెషిన్ దగ్గర నిలబడి వేలు చూపించగానే, తర్వాత ఏమడుగుతుందో నాకు తెలిసిపోయింది. ఎంత బరువు, ఎంత నీరు తీయాలి, ఏ సూది. కాగితం మీద అంకెలు వేసుకుంటూ పని నడిపించాం.

ఆ అంకెల్లోనే తప్పు దొర్లింది. పేషెంటు బరువు చూసి, బట్టల బరువు తీసేసి, ఒంట్లో చేరిన నీరెంతో లెక్కేస్తాం. సూర్‌లో అబ్లా పైన వేసుకునే అబాయా బరువు నాకు అలవాటే. అదే అంకె చెప్పేశాను. నల్ల అబాయా కింద ఆమె వేసుకున్న రెండు స్వెట్టర్లు, ఉన్ని ప్యాంటు, మందపాటి మేజోళ్లు నా లెక్కలోకి రాలేదు. కిలోకి పైగా ఎక్కువ నీరు లాగేశాం. చివరి గంటలో ఆమె పిక్కలు పట్టేశాయి. బీపీ పడిపోయింది. సెలైన్ ఎక్కించి, కాళ్లు నొక్కి, నేనూ ఆ నర్సూ చెరోవైపు నిలబడ్డాం. ఆమె అబ్లా ప్యాంటు అంచు పైకెత్తి చూసి, ఒక్కో మేజోడూ పట్టుకుని లెక్కపెట్టి, నావైపు తిరిగి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే చెమటలు పట్టాయి.

"జాగ్రఫీలో మొదటి పాఠం," అంది అబ్లా, నొప్పితో పళ్లు బిగించి. "వాతావరణం మారితే బట్టలు మారతాయి."

ఆ తర్వాత ప్రతి ఊళ్లో ముందు ఆమె బట్టల్ని విడిగా తూచాం.

హిరోసాకిలో మంచు నడుమెత్తు ఉంది. కోట చుట్టూ చెట్లన్నీ ఆకుల్లేకుండా, కొమ్మల మీద మంచు కట్టుకుని నిలబడి ఉన్నాయి. వసంతంలో పూలకోసం లక్షల మంది వస్తారట, మేం వెళ్లినప్పుడు ఒక ముసలాయన కుక్కని తిప్పుతున్నాడు, అంతే. ఆపిల్ పళ్ల ఊరది. తమ్ముడు ఒక బుట్టెడు కొన్నాడు. అబ్లాకి రెండు ముక్కలు ఇచ్చాను. మిగతావి మేమిద్దరం రైల్లో తింటుంటే ఆమె మమ్మల్ని చూడకుండా కిటికీలోంచి నేల చూసింది.

మురోరాన్ దగ్గర తమ్ముడి మొహం వెలిగింది. ఉక్కు ఫ్యాక్టరీలు, పొగ గొట్టాలు, ఓడలు. "ఇది ఊరంటే!" అన్నాడు. క్లినిక్‌లో అక్క మెషిన్ మీద ఉన్నంతసేపూ బయట కంచె పట్టుకుని నిలబడి, ఏ గొట్టం ఏమిటో తనకి తానే చెప్పుకున్నాడు. ఆ రోజు శనివారం. కితామి వాళ్లు మాకిచ్చింది మంగళవారం. నడుమ విరామం కాస్త ఎక్కువే, కానీ వారాంతాల్లో అందరు పేషెంట్లూ అంత దూరం లాగుతారు. నీళ్లు తక్కువ తాగాలి, తిండి జాగ్రత్తగా తినాలి, మంగళవారం మధ్యాహ్నానికి కచ్చితంగా చేరాలి. అంతే.

ఆది, సోమవారాలు అబ్లాని విశ్రాంతిగా ఉంచి, మంగళవారం పొద్దున కితామి రైలెక్కాం. కొండల్లోకి వెళ్లేకొద్దీ మంచు అడ్డంగా కొట్టడం మొదలైంది. ఎన్‌గరు అనే స్టేషన్‌లో రైలాగింది. ప్రయాణికులందరూ లేచి తమ సీట్లని వెనక్కి తిప్పుకుంటున్నారు. తమ్ముడు కంగారుపడ్డాడు. "అక్కా, వెనక్కి తీసుకుపోతున్నారు!" కాదు. ఆ స్టేషన్‌లో పట్టాల అమరిక అంత. వచ్చిన దిక్కుకే కాసేపు వెళ్లి రైలు వేరే దారి పడుతుందని అబ్లా వివరించింది. మేమూ సీట్లు తిప్పుకుని కూర్చున్నాం. రైలు కదల్లేదు.

గంట తర్వాత గార్డు వచ్చి అందరి ముందూ టోపీ తీసి వంగాడు. ముందు పట్టాల మీద మంచు పేరుకుంది. రోడ్డు కూడా మూసేశారు. ఈ రోజుకి ఖలాస్.

స్టేషన్ వాళ్లే పక్కన చిన్న సత్రంలో గది ఇప్పించారు. కితామి క్లినిక్‌కి ఫోన్ చేశాం. రేపు ఎప్పుడొచ్చినా మెషిన్ ఎక్కిస్తాం అన్నారు పాపం. వాళ్లు సిద్ధమే, మేం చేరాలి కదా. ఆ రాత్రి అబ్లా పడుకోలేదు. పడుకుంటే ఆయాసం. గోడకి దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. తెల్లారేసరికి ఆమె కాళ్లు వాచాయి. వీపు మీద స్టెతస్కోప్ పెడితే ఊపిరితిత్తుల అడుగున చిటపట శబ్దం. నీరు ఎక్కుతోంది. బయట చూస్తే మంచు ఆగలేదు.

తమ్ముడు నన్ను బయటికి పిలిచాడు. తలుపు వేసి, గొంతు తగ్గించి అన్నాడు, "సిస్టర్, నిజం చెప్పు. ఆమెని చంపడానికి తీసుకొచ్చానా నేను?"

"ఈ ఊళ్లో ఆసుపత్రి ఉంది. మెషిన్లున్నాయి. పదండి," అన్నాను. నాకూ భయమే. మా ఇన్‌ఛార్జ్ మాట చెవిలో వినిపిస్తూనే ఉంది. కానీ మీకు చెప్తున్నాను పిల్లలూ, అలాంటప్పుడు పేషెంటు వాళ్లు మన మొహం చూస్తారు. మొహం ఒక్కటి సరిగ్గా పెట్టుకోండి, మిగతాది చేతులు చూసుకుంటాయి.

సత్రం యజమానురాలు ఫోన్ చేసి ట్యాక్సీ పిలిచింది. మంచు తీసే బండి ముందు నడుస్తుంటే, దాని వెనకే మనిషి నడిచినంత నెమ్మదిగా వెళ్లాం. ఆసుపత్రి చిన్నదే. కుర్ర డాక్టరు ఒకతను, ఇంగ్లీషు తడుముకుంటూ మాట్లాడతాడు. రక్తం తీయించాడు, ఛాతీ ఫోటో చూశాడు. నా దగ్గరున్న కాగితాలు చూశాడు. మొహం ముడుచుకుంది.

"చెయ్యాలి. ఈ రోజే చెయ్యాలి. కానీ మంచాలన్నీ నిండిపోయాయి. నిన్న మంచుకి రాలేనివాళ్లు కూడా ఈ రోజే వచ్చారు. సాయంత్రం దాకా ఆగాలి."

"సాయంత్రం దాకా ఆగలేదు," అన్నాను.

"అవును," అన్నాడతను.

డయాలసిస్ గది బయట వరుసగా కుర్చీల్లో పేషెంట్లు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒక ముసలాయన, ఎర్రటి బుగ్గలు, రబ్బరు బూట్లు, మమ్మల్నే గమనిస్తున్నాడు. ఆక్సిజన్ గొట్టంతో కూర్చున్న అబ్లాని చూశాడు, ఆమె చేతి మీద డయాలసిస్ సూదుల చోట ఉబ్బిన రక్తనాళాన్ని చూశాడు. తన చొక్కా చేయి పైకి లాగి, అలాంటిదే తన చేతి మీద చూపించాడు. అబ్లా ఆయాసపడుతూనే తల వంచి పలకరించింది. ఆయన నర్సుని పిలిచి ఏదో అడిగాడు. నర్సు చెప్పింది. ఆయన మళ్లీ ఏదో అన్నాడు. నర్సు వద్దన్నట్టు చేతులూపింది. ఆయన లేచి నిలబడి గట్టిగా అన్నాడు. వరుసలో అందరూ ఆయన వైపు తిరిగారు.

నర్సు ఫోన్ తీసి దాంట్లోకి మాట్లాడింది. ఫోన్ అరబిక్‌లో గట్టిగా చెప్పింది: "ఈ పెద్దమనిషి తన పడకని మీ అక్కగారికి సమర్పించుకుంటున్నారు."

తమ్ముడి మొహం చూడాలి మీరు. ఒక్క క్షణం ఎవరినైనా కొడతాడేమో అనుకున్నాను. అబ్లా ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతోనే నవ్వింది. ఆ స్థితిలో కూడా.

సంగతేమిటంటే, తర్వాతి వంతు ఆయనదే. తను రేపు వస్తానంటున్నాడు. ఊరి చివర ఆలుగడ్డల పొలం ఆయనది. మంచులో తెల్లవారుజామునే బయల్దేరి వచ్చాడు. కుర్ర డాక్టరు వెంటనే ఒప్పుకోలేదు. ఆయన బరువు చూశాడు, రక్తం చూశాడు. ముసలాయన శ్రద్ధ గల పేషెంటు. నీళ్లు కొలుచుకుని తాగే రకం. ఒక రోజు ఆగినా పర్వాలేదని తేలాకే డాక్టరు తలూపాడు.

అబ్లాని ఎక్కించాం. సూది నేనే గుచ్చుతానంటే వాళ్లు ఒప్పుకోలేదు. అక్కడి రూలు. పక్కన నిలబడి చూశాను. మొదటి గంటలో ఊపిరి కాస్త తేలికయింది. రెండో గంటలో ఆక్సిజన్ గొట్టం తీసేశారు. మూడో గంటలో ఆమె నన్ను పిలిచి, "ఈ ఊరి అక్షాంశం చూడు సిస్టర్," అంది. నేను మొహం అటు తిప్పుకున్నాను. ఏడుస్తున్నానని ఆమెకి తెలియకూడదనుకున్నాను. తెలిసింది.

ముసలాయన ఇంటికి పోలేదు. రోడ్డు తెరిచేదాకా అక్కడే కూర్చున్నాడు. తమ్ముడు ఖర్జూరాల డబ్బా తీసుకుని ఆయన ముందు నిలబడ్డాడు. నేను పరుగెత్తాను. "వద్దండీ! ఆయనకీ కిడ్నీలే!" తమ్ముడు డబ్బా చేత్తో పట్టుకుని ఏం చేయాలో తోచక నిలబడిపోయాడు. ఆ డబ్బా నర్సుల చేతిలో పెట్టి, తన తలకి చుట్టుకున్న మస్సర్ విప్పాడు. మంచి కశ్మీరు ఉన్ని, అంచుకి కుట్టుపని. ఒమన్‌లో మగాడు బయట వట్టి తలతో నిలబడడు. తమ్ముడు దాన్ని ముసలాయన మెడ చుట్టూ రెండు చుట్లు చుట్టి, ముందు ముడివేశాడు. ముసలాయన దాన్ని తడిమి చూసుకుని, ఏదో అన్నాడు. ఈసారి ఫోన్ సరిగ్గానే చెప్పింది: "ఇంత దూరం ఎలా వచ్చారు?"

అబ్లా మంచం మీద నుంచే జవాబిచ్చింది. "కుర్చీ నుంచి కుర్చీకి."

అది విని ఆయన మంచం దగ్గరికి జరిగాడు. తర్వాత చెప్పాడు. ఆయన కూతురు దేశానికి దక్షిణం చివర దీవుల్లో ఉంటుందట. రమ్మని ఏటా పిలుస్తుందట. మెషిన్ మొదలయ్యాక తను ఈ లోయ దాటలేదట. ఆయన మాట్లాడుతుంటే పక్కన నర్సు వింటోంది. ఆ నర్సు తన ఫోన్‌లో అప్పటికే ఏదో వెతకడం మొదలుపెట్టింది. ఆ ముసలాయన తర్వాత కూతురి దగ్గరికి వెళ్లాడో లేదో నాకు తెలీదు. ఆ నర్సు వదిలిపెట్టే మనిషిలా మాత్రం కనపడలేదు.

మర్నాడు మంచు ఆగింది. పట్టాలు తెరిచారు. కితామిలో ఒక పూట డయాలసిస్ చేయించుకుని, విశ్రాంతి తీసుకుని, అబాషిరి చేరాం.

ఒడ్డు దగ్గర ట్యాక్సీ దిగగానే నాకు మొదట తెలిసింది శబ్దం లేకపోవడం. సూర్‌లో పుట్టి పెరిగిన ఆ అక్కాతమ్ముళ్లు జీవితమంతా అలల చప్పుడు విన్నవాళ్లు. నేనూ అన్నేళ్లు ఆ చప్పుడులోనే నిద్రపోయాను. ఇక్కడ ఎదురుగా అంత సముద్రం, కదలిక లేదు. చూపు ఆనినంత మేర తెల్లటి పలకలు, ఒకదాని మీదికొకటి ఎక్కి, మధ్యలో సన్నటి నీలం పగుళ్లు. అబ్లా చేతికర్ర మీద ఒరిగి నిలబడింది. నేను ఆమె నాడి పట్టుకుని చూడాలనుకున్నాను, మళ్లీ ఊరుకున్నాను.

తర్వాత ఆమె పాఠం మొదలుపెట్టింది. "ఇది ఫ్రాన్స్ దక్షిణ తీరం ఉన్న అక్షాంశమే. అక్కడ జనం సముద్రంలో స్నానాలు చేస్తారు. ఇక్కడెందుకు గడ్డకట్టింది?" మా ఇద్దర్నీ చూసింది. తమ్ముడు నేల చూపులు చూశాడు. "ఉత్తరం నుంచి ఒక పెద్ద నది వచ్చి ఈ సముద్రంలో మంచినీళ్లు పోస్తుంది. మంచినీళ్లు తేలిక. పైనే పలచగా నిలుస్తాయి. చలిగాలికి ఆ పైపొర ముందు గడ్డకడుతుంది." కర్రతో చూపిస్తూ చెప్పింది. గాలికి ఆమె గొంతు సన్నగా వినిపిస్తోంది, కానీ క్లాసులో ఎలా చెప్పేదో తెలిసిపోయింది నాకు.

తమ్ముడు ఒడ్డున పడ్డ చిన్న ముక్క ఒకటి తీసి తెచ్చాడు. ఆమె నావైపు చూసింది. మా యూనిట్‌లో దాహానికి ఐసు ముక్క ఇచ్చేది నేనే కదా. గోరంత విరిచి ఇచ్చాను. నాలుక మీద పెట్టుకుని ఆలోచించింది.

"ఉప్పుంది. కానీ మన సముద్రమంత లేదు."

అంతే అంది. వెనక్కి నడిచి ట్యాక్సీలో కూర్చుంది. తమ్ముడు మాత్రం వట్టి తలతో, చెవులు ఎర్రగా కందిపోయి, ఇంకో పది నిమిషాలు అక్కడే నిలబడ్డాడు.

మేం తిరిగొచ్చిన మొదటి డ్యూటీ రోజు మా యూనిట్‌లో ఎవరూ టీవీ పెట్టలేదు. అబ్లా తన కుర్చీలోంచి చెప్తుంటే అందరూ విన్నారు. ఇన్‌ఛార్జ్ నాతో, "ఎన్‌గరులో ఏం చేశావు, చెప్పు," అని రెండుసార్లు చెప్పించుకుంది. తిట్టలేదు.

వారం తర్వాత ఒక జాలరి, తలుపు పక్క కుర్చీలో కూర్చునే మనిషి, పెద్దగా మాట్లాడడు, నేను సూది తీస్తుండగా అడిగాడు. "సిస్టర్, సలాలాలో మెషిన్లున్నాయా?"

"ఉన్నాయి." సలాలా ఒమన్‌కి దక్షిణం చివర, సూర్ నుంచి రోజంతా ప్రయాణం. "ఎందుకు?"

"నా కూతుర్ని అక్కడికిచ్చాను. మనవడు పుట్టాడు. నడుస్తున్నాడట."

ఇన్‌ఛార్జ్ నా కంటే ముందే ఫోన్ అందుకుంది.

ఆ తర్వాతి వారం ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. మా యూనిట్‌లో అలా ఒక కుర్చీ ఖాళీ అయితే మిగతా పేషెంట్లు ఏమీ అడగరు, తలలు దించుకుంటారు. వాళ్లకి తెలుసు. ఆ పూట మాత్రం వచ్చిన ప్రతి ఒక్కరూ ఆ కుర్చీ వైపు చూసి, "సలాలా వెళ్లాడా?" అని గట్టిగా అడిగారు. "వెళ్లాడు," అని మేం ప్రతి ఒక్కరికీ చెప్పాం. ఎన్నిసార్లు చెప్పినా విసుగు పుట్టలేదు.

పది రోజులకి వచ్చాడు. ఎండకి ఇంకా నల్లబడ్డాడు. కుర్చీలో కూర్చుని చేయి చాపాడు.

"మనవడు ఎలా ఉన్నాడు?"

"నన్ను చూసి గుక్కపెట్టి ఏడ్చాడు సిస్టర్!" ఆయన మొహం నిండా నవ్వు. "కొత్త మనిషిని కదా. మర్నాటి నుంచి ఒళ్లోంచి దిగితే ఒట్టు." నేను సూది గుచ్చుతుంటే అటు చూడకుండా అన్నాడు, "పండక్కి మళ్లీ వస్తానని అక్కడి నర్సుకి చెప్పేసి వచ్చాను. మీకు ఫోన్ చేసే పని లేదు."